డప్పు జట్టు: కలిసి కొట్టే దరువు ఎవరిని కలుపుతుంది?

పదిమంది గుండ్రంగా కూచుని ఒకే లయలో వాయిద్యం కొడితే మనసులు కలుస్తాయని, అలసట పోతుందని, జట్టుగా పనిచేసే అలవాటు పెరుగుతుందని పట్నాల్లో పెద్ద పెద్ద కంపెనీలు ఇప్పుడు నమ్ముతున్నాయి. ఉద్యోగులను హోటలు హాల్లోనో, ఊరి బయట రిసార్టులోనో కూచోబెట్టి, తలా ఒక జెంబే చేతికిచ్చి గంటసేపు కొట్టిస్తారు. నేర్పే మనిషికి ఫీజు ఇస్తారు, చప్పట్లు కొడతారు, పక్కన కూచోబెట్టుకుని భోజనం పెడతారు. జెంబే పశ్చిమాఫ్రికాలోని మాలీ, గినీ ప్రాంతాల మాండే ప్రజల వాయిద్యం. నల్లజాతి ప్రజల వాయిద్యానికి ఇక్కడ ఇంత గౌరవం దొరకడం మాకు సంతోషమే. కాని అదే రోజు, ఆ హాలుకు ఎంతో దూరం లేని ఒక ఊళ్ళో, శవం ముందు డప్పు కొట్టుకుంటూ నలుగురు మాదిగలు నడుస్తూ ఉంటారు. వాళ్ళది కూడా సమూహ వాయిద్యమే. వాళ్ళది కూడా ఒకే లయే. వాళ్ళను మాత్రం ఎవరూ గురువులని పిలవరు. దరువు ఆగినంక వాళ్ళు ఎక్కడ కూచున్నారో ఎవరూ చూడరు.

ఈ రెండు దృశ్యాల నడుమ ఉన్న దూరం ఎంతో చూడడమే ఈ వ్యాసం పని. కలిసి కొట్టడం వల్ల మనుషులకు మేలు జరుగుతుందా? జరిగితే ఎట్లా జరుగుతుంది? తరతరాలుగా కలిసి కొడుతున్న మావాళ్ళకు ఆ మేలు ఎందుకు దక్కలేదు? ఈ మూడు ప్రశ్నలు వేసుకుంటున్నాం. మాలో కొందరం గోడకు డప్పు వేలాడే ఇండ్లల్లో పుట్టినవాళ్ళం. హాస్టల్లో చదువుకునే రోజుల్లో నాయన డప్పు కొడతాడని చెప్పడానికి సిగ్గుపడినవాళ్ళం. ఆ సిగ్గు మాది కాదని, మామీద వేసిందని అర్థం కావడానికి చాలా ఏండ్లు పట్టింది.

డప్పు ఒక్కరి పని కాదు

డప్పును చూసినవాళ్ళు అనేకులు, దాని వెనక శ్రమను చూసినవాళ్ళు తక్కువ. మేకతోలును సున్నంలో నానబెట్టి, వెంట్రుకలు గీకి, శుభ్రం చేయాలి. కొయ్యతో గుండ్రటి చట్రం చేయాలి. చింతగింజలు నూరి ఉడికించిన జిగురు పూసి తోలును బిగించాలి. ఎండబెట్టాలి. కొట్టేముందు మంట సెగకు కాచాలి, అప్పుడే తోలు బిగిసి గొంతు విప్పుతుంది. వానాకాలం అయితే ఆ కాచే పని గడియ గడియకూ ఉంటుంది. డప్పును ఎడమ భుజానికి తగిలించుకుంటారు. కుడిచేతిలో పొట్టిగా, లావుగా ఉండే చిర్ర. ఎడమచేతిలో సన్నటి చిటికెన పుల్ల. చిర్ర దెబ్బ బరువుగా మోగుతుంది, చిటికెన పుల్ల ఆ దెబ్బల నడుమ ఖాళీని నింపుతుంది. తోలు గురించిన ఈ తెలివి, అంటే ఏ తోలు ఎంతసేపు నానాలి, ఎంత సెగ తగలాలి అన్నది, ఒక శాస్త్రమే. బడిలో చెప్పలేదు కాబట్టి దాన్ని శాస్త్రమని ఎవరూ అనలేదు.

ఒక్క డప్పు ఉంటే చప్పుడు. నాలుగైదు ఉంటే దరువు. జట్టులో ముందుండి కొట్టే మనిషి ఒకడుంటాడు. అతను కాగితం చూడడు, నోటితో ఆజ్ఞ ఇవ్వడు. చిర్ర పైకెత్తుతాడు, లేదా కాలు మార్చి వేస్తాడు, లేదా కంటితో సైగ చేస్తాడు. అది చూసి మిగతావాళ్ళు దరువు మారుస్తారు. ఒకడు అలిసిపోతే పక్కవాడు గట్టిగా కొట్టి అతన్ని మోస్తాడు. వాడలో పిల్లలు ముందు తపేలామీద, డబ్బామీద కొట్టుకుంటూ పెద్దల వెనక తిరిగి, చెవితోనే ఇదంతా నేర్చుకుంటారు. పెండ్లికి ఒక దరువు, జాతరకు ఒక దరువు, చావుకు ఒక దరువు. చేన్లో ఉన్న మనిషి దూరాన్నుంచి విని ఊళ్ళో జరిగింది పెండ్లో చావో చెప్పగలడు. మైకులు, టెలిఫోనులు రాకముందు ఊరికి వార్త చెప్పింది దండోరానే. పన్ను కట్టమన్నా, చెరువు తెగిందన్నా, అధికారి వస్తున్నాడన్నా డప్పు మోగాల్సిందే. అంటే ఊరిని ఊరుగా కలిపి ఉంచిన పనుల్లో ఇది ఒకటి.

పరిశోధనలు ఏం చెబుతున్నాయి

కలిసి వాయించడం మీద గత ఇరవై, పాతికేళ్ళలో పాశ్చాత్య దేశాల్లో పరిశోధనలు జరిగాయి. మూడింటి సంగతి చెబుతాం.

మొదటిది 2009 నాటిది. జర్మనీలోని లైప్జిగ్‌లో మాక్స్ ప్లాంక్ సంస్థకు చెందిన కిర్ష్నర్, టోమసెల్లో అనే ఇద్దరు రెండున్నర నుంచి నాలుగున్నర ఏండ్ల పిల్లల చేత డోలు కొట్టించారు. యంత్రం కొట్టే దెబ్బకంటే, ఎదురుగా ఒక మనిషి కూచుని తమతోపాటు కొడుతున్నప్పుడు పిల్లలు లయను బాగా అందుకున్నారు. అంటే లయ అందుకోవడం ఉత్త చెవి పని కాదు, ఎదుటి మనిషితో కలవాలన్న కోరిక అందులో ఉంది.

రెండోది 2012లో వచ్చింది. ఆక్స్‌ఫర్డ్‌కు చెందిన రాబిన్ డన్‌బార్ బృందం పాడినవాళ్ళను, ఆడినవాళ్ళను, డోలు కొట్టినవాళ్ళను పరీక్షించింది. ఆ పనులు చేసినంక వాళ్ళు నొప్పిని ఎక్కువగా ఓర్చుకోగలిగారు. ఒళ్ళు శ్రమపడినప్పుడు మెదడులో ఊరే ఎండార్ఫిన్లు దీనికి కారణమని ఆ పరిశోధకుల అభిప్రాయం. ఊరికే సంగీతం విన్నవాళ్ళలో ఈ మార్పు కనబడలేదు. ఈ మాట గుర్తుపెట్టుకోవాలి. మేలు విన్నవాళ్ళకు కాదు, కొట్టినవాళ్ళకు.

మూడోది 2016లో డెయిసీ ఫాన్‌కోర్ట్, ఆమె తోటివాళ్ళు లండన్‌లో చేసింది. మానసిక వైద్యసేవలు తీసుకుంటున్న 31 మంది పది వారాలపాటు, వారానికి గంటన్నర చొప్పున కలిసి డోలు కొట్టారు. డోలు కొట్టని 14 మందితో పోల్చి చూశారు. ఆరు వారాలకే కుంగుబాటు తగ్గడం కనబడింది, పది వారాలకు ఆందోళన కూడా తగ్గింది, ఆ మేలు మూడు నెలల తరవాత కూడా నిలిచింది. 45 మందితో చేసిన అధ్యయనం చిన్నదే. దీన్నిబట్టి డోలు మందు అని ఎవరైనా అంటే మేము ఒప్పుకోం. డాక్టరు ఇచ్చిన గోలీలు మానేయమని దీని అర్థం కాదు. కాని కలిసి కొట్టడం వల్ల మనిషికి మనిషి దగ్గరవుతాడన్న మాటలో నిజం ఉందని ఈ మూడూ కలిపి చెబుతున్నాయి.

ఎందుకిట్లా జరుగుతుంది? కలిసి కొట్టేటప్పుడు మనిషి రెండు పనులు ఒకేసారి చేయాలి. తన దెబ్బ తాను వేయాలి, పక్కవాడి దెబ్బ వినాలి. వినకపోతే తన తప్పు తనకు తెలవదు. ఒకడు ముందుకు పోతే మిగతావాళ్ళు అతన్ని తిట్టరు, లయతోనే వెనక్కి లాగుతారు. మాటలతో పనిలేదు కాబట్టి చదువుకున్నవాడు, చదువురానివాడు అనే తేడా అక్కడ చెల్లదు. చేతులు, కాళ్ళు, ఊపిరి అన్నీ ఒకే కాలానికి కట్టుబడతాయి. నాట్లేసే ఆడవాళ్ళు పాట పాడుతూ ఒకే వరసలో వెనక్కి నడవడం మనం చూశాం. పాట పని బరువు దించుతుందని వాళ్ళకు ఎప్పుడో ఎరుకే. ప్రయోగశాల దానికి ఇప్పుడు లెక్క కట్టింది.

మరి మా ఊళ్ళో?

ఇక్కడే చిక్కు ఉంది. పైన చెప్పిన పరిశోధనల్లో పాల్గొన్నవాళ్ళందరూ ఒప్పుకుని వచ్చినవాళ్ళు, పిల్లలైతే తల్లిదండ్రులు ఒప్పుకుని పంపినవాళ్ళు. ఇష్టం లేకపోతే నేను రాను అనే హక్కు వాళ్ళకుంది. ఊళ్ళో డప్పు కొట్టే మనిషికి ఆ హక్కు ఏనాడూ లేదు. దొర కబురు పంపితే జ్వరమొచ్చినా లేవాలి. తన ఇంట్లో శుభకార్యం ఉన్నా వదిలి పోవాలి. నిజాం కాలం తెలంగాణలో ఇది వెట్టి. ఇతర ప్రాంతాల్లో దాని పేరు మారింది, గుణం మారలేదు. ఇంత గింజో, ఇంత సారానో, పాత బట్టో ఇచ్చి కూలి అన్నారు. కొన్నిచోట్ల ఇంత మాన్యం భూమి చూపించి, ఆ భూమితో తరాల మెడకు తాడు కట్టారు.

ఒక పెద్దమనిషి మాతో అన్న మాట ఇది: "డప్పు కొడితె పానం లేస్తది బిడ్డా, అది అబద్ధం కాదు. ఒళ్ళంత ఊగుతది. కని కొట్టుడు అయినంక కుండల నీళ్ళు దూరంకెళ్ళి పోస్తరు జూడు, ఆడ పానం మళ్ళ పడిపోతది."

ఈ మాటలో మొత్తం సంగతి ఉంది. ఎండార్ఫిన్ ఊరింది, నిజమే. జట్టులోని నలుగురూ ఒకరికొకరు దగ్గరయ్యారు, అదీ నిజమే. వాడలో ఈనాటికీ ఒకరికష్టానికి ఒకరు లేచి వచ్చే గుణం ఉందంటే అందులో జట్టు దరువుకు వాటా ఉందని మా నమ్మకం. కాని ఆ దరువు వాడను ఊరితో కలపలేదు. జాతరలో ఊరంతా డప్పుకు ఆడింది. దేవత డప్పు లేకుండా కదలలేదు. కొట్టిన మనిషి మాత్రం గుడి బయటే నిలబడ్డాడు. మేలంతా ఊరు తీసుకుంది, మైల మాకు మిగిల్చింది. కలిసి వాయిస్తే కులాలు కలుస్తాయన్నదే నిజమైతే ఈపాటికి మన ఊళ్ళల్లో కులం ఎప్పుడో పోయి ఉండాలి. పోలేదు. కాబట్టి దరువుకు దానంతట దానికి ఆ శక్తి లేదు. ఎవరు పిలిచారు, ఎవరు ఒప్పుకున్నారు, ఎవరు పక్కన నిలబడి కొట్టారు, ఎవరు పక్కన కూచుని తిన్నారు అన్నవే దాన్ని నిర్ణయిస్తాయి.

చట్టం సంగతి కూడా చూడాలి. పౌరహక్కుల పరిరక్షణ చట్టంలో 1976లో చేర్చిన 7ఏ సెక్షను, అంటరానితనం పేరుతో బలవంతంగా ఊడ్పించడం, కళేబరాలు తీయించడం, తోలు ఒలిపించడం వంటివి నేరమని చెప్పింది. అదే ఏడు వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చింది. డప్పు పేరు 7ఏ సెక్షనులో లేదు. అటువంటి ఇతర పనులు అన్న మాటకింద దాన్ని వాదించుకోవాలి. డప్పు కొట్టనన్న మనిషికి ఊళ్ళో పని, సరుకు, దారి బంద్ చేస్తే, సాంఘిక, ఆర్థిక బహిష్కారాన్ని నేరంగా చేర్చిన 2015 నాటి అత్యాచారాల నిరోధక చట్ట సవరణ ఇప్పుడు పనికొస్తుంది. ఈ సంగతి వాడలో ప్రతి ఒక్కరికీ తెలవాలి.

వదిలెయ్యాలా, ఎత్తుకోవాలా?

దీనిమీద మనలో రెండు అభిప్రాయాలున్నాయి. రెండింటికీ చరిత్ర ఉంది.

వదిలెయ్యాలన్నది మొదటిది. బాబాసాహెబ్ అంబేద్కర్ మహర్లను కులవృత్తి చాకిరీనుంచి బయటికి రమ్మన్నారు. మహర్ వతన్‌ను సంస్కరించడానికి 1928లో బొంబాయి శాసనమండలిలో బిల్లు పెట్టారు. గ్రామసేవ పేరుతో ఇచ్చిన తుండు భూమే మనిషిని బానిసగా కట్టేస్తుందని ఆయన వాదన. ఆ వతన్లు బొంబాయి రాష్ట్రంలో 1958 నాటి చట్టంతోగాని రద్దు కాలేదు. తమిళనాట పరై వాయిద్యం పేరుమీదనే ఒక కులానికి పేరుంది, ఆ పేరునుంచే వెలివేయబడ్డవాడు అన్న అర్థంలో ఇంగ్లీషులోకి ఒక మాట పోయింది. అందుకే అక్కడ పరై కొట్టం అని తెగేసి చెప్పిన పల్లెలున్నాయి. మన దగ్గరా డప్పును అటకెక్కించిన ఇండ్లున్నాయి. వాళ్ళను సంస్కృతి మరిచినవాళ్ళని నిందించే హక్కు ఎవరికీ లేదు. కొట్టనని అనడం కూడా ఒక దరువే, దాన్ని ఊరు చాలా స్పష్టంగా వింటుంది.

ఎత్తుకోవాలన్నది రెండోది. 1994 జులై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో మాదిగ రిజర్వేషన్ పోరాట సమితి పుట్టింది. మంద కృష్ణ మాదిగ నాయకత్వాన ఆ ఉద్యమం దండోరా అన్న పేరు తీసుకుంది. ఊరి పెద్ద మాటను చాటడానికి మాదిగ చేతికిచ్చిన పని పేరది. అదే పేరుతో మాదిగలు తమ మాట తాము చాటుకున్నారు. దాచుకున్న కులం పేరును ఇంటిపేరులా చివర తగిలించుకున్నారు. డప్పు దొర గడప ముందు కాక కలెక్టరాఫీసు ముందు మోగింది. ఆ దారి పొడుగైంది. 2000లో వర్గీకరణ చట్టం వచ్చింది, 2004 నవంబరులో సుప్రీంకోర్టు కొట్టేసింది, 2024 ఆగస్టు 1న ఏడుగురు జడ్జీల ధర్మాసనం 6-1 మెజారిటీతో వర్గీకరణ రాష్ట్రాలు చేసుకోవచ్చంది. ముప్పై ఏండ్లు జనం చెదిరిపోకుండా నిలిచారంటే అందులో నాయకత్వం, సంఘం, రాజకీయం అన్నీ ఉన్నాయి. వీటితోపాటు సభ సభకూ మోగిన డప్పు కూడా ఉందని మేము అంటాం. ఎక్కడెక్కడినుంచో వచ్చిన, ముఖ పరిచయం లేని మనుషులను గడియలో ఒక జట్టు చేయడం దానికి తెలుసు.

తెలంగాణ ఉద్యమంలో ఇంకో సంగతి చూశాం. 2002 నుంచి జరిగిన ధూంధాంలలో, తరవాతి ధర్నాల్లో డప్పును ఇతర కులాల యువకులు కూడా భుజానికి తగిలించుకున్నారు. ఇది చిన్న మార్పు కాదు. కాని రాష్ట్రం వచ్చినంక వాళ్ళల్లో ఎంతమంది తమ ఊళ్ళో శవం ముందు డప్పు కొట్టారు? వేదికమీది డప్పు కళ అయింది. చావు డప్పు కులంగానే మిగిలింది. అందరూ అన్ని దరువులూ కొట్టినరోజునే ఆ మార్పు పూర్తయినట్టు.

ఆడవాళ్ళ చేతిలో

జట్టు అంటే మగవాళ్ళే అన్న లెక్క కూడా మారుతోంది. తమిళనాట దిండిగల్‌లోని శక్తి బృందంలో దళిత ఆడపిల్లలు పరై కొట్టి ఆడుతున్నారు. బీహారులో పాట్నా దగ్గర ఢిబ్రా అనే పల్లెలో, నారీ గుంజన్ సంస్థ నడుపుతున్న సుధా వర్గీస్ ప్రోత్సాహంతో, రవిదాస్ కులపు కూలి ఆడవాళ్ళు బ్యాండు కట్టారు. మొదట ఇంట్లోవాళ్ళే నవ్వారు. తరవాత పెండ్లిళ్ళకు పిలుపులొచ్చాయి, పొలం కూలికంటే మెరుగైన డబ్బు వచ్చింది. ఇక్కడ కలిసి కొట్టడం వల్ల కలిగిన మేలు కొలవడానికి యంత్రం అక్కరలేదు. భుజాన డోలు, చేతిలో సొంత సంపాదన ఉన్న మనిషితో ఇంట్లో మాట్లాడే తీరు మారుతుంది. మన డప్పు జట్లల్లో ఆడవాళ్ళు ఇంకా తక్కువే. తోలు శుభ్రం చేయడంలో, జిగురు కాచడంలో వాళ్ళ శ్రమ ఉన్నప్పుడు చిర్ర మాత్రం ఎందుకు అందకూడదు?

గుర్తింపు మెల్లగా వస్తోంది. 2022లో కర్ణాటక తమటె కళాకారుడు మునివెంకటప్పకు, 2025లో తమిళనాడు పరై కళాకారుడు వేలు ఆసాన్‌కు పద్మశ్రీ ఇచ్చారు. ఆంధ్రప్రదేశ్‌లో యాభై ఏండ్లు దాటిన డప్పు కళాకారులకు పింఛను ఉంది, 2024 జులై నుంచి అది నెలకు 4000 రూపాయలు. ఇవి అవసరమే. కాని పింఛను ముసలితనానికి ఆసరా, జట్టుకు బతుకుదెరువు కాదు.

జట్టు కట్టేవాళ్ళకు

అందుచేత వాడల్లో, కాలేజీల్లో, సంఘాల్లో డప్పు జట్లు కడుతున్న మిత్రులకు మేము గమనించిన కొన్ని సంగతులు చెప్పదలిచాం.

ఒకటి, కూలి ముందే మాట్లాడుకోవాలి. గంటల లెక్కన, డబ్బు రూపంలోనే. సారా కూలి కాదు. దరువు ఇచ్చే ఉత్సాహాన్ని సారా ఖాతాలో వేయడం ఊరు నేర్పిన అబద్ధం.

రెండు, రానన్న మనిషిని రానివ్వకపోవడం తప్పు, రమ్మని బలవంతపెట్టడం అంతకంటే తప్పు. తండ్రి కొట్టాడు కాబట్టి కొడుకు కొట్టాలన్నది మనువు మాట. పిల్లల్ని బడి మాన్పించి జట్టులోకి తేవద్దు.

మూడు, ముందుండి కొట్టే చోటు వంతులవారీగా మారాలి. ఒక్కడే ఎప్పుడూ ముందుంటే జట్టులో ఇంకో దొర తయారవుతాడు. కొత్తవాళ్ళకు, ఆడవాళ్ళకు ఆ వంతు రావాలి.

నాలుగు, చెవులు కాపాడుకోవాలి. ఎనిమిది గంటలపాటు 85 డెసిబెల్సు దాటిన చప్పుడు వింటే వినికిడి దెబ్బతింటుందని నిపుణుల లెక్క. డప్పు పక్కన నిలబడితే అంతకంటే ఎక్కువే వినబడుతుంది. నడుమ నడుమ ఆపాలి, చెవిలో దూది కాదు, దానికని చేసిన బిరడాలు పెట్టుకోవాలి.

ఐదు, ఇప్పుడు ఫైబరు డప్పులు వచ్చాయి. కాచే పని లేదు, వానకు భయం లేదు, చవక. వాడుకోవచ్చు. కాని తోలు డప్పు చేసే తెలివిని పెద్దల దగ్గర కూచుని రాసిపెట్టుకోవాలి. అది పోతే మళ్ళీ రాదు.

కంపెనీలవాళ్ళకు కూడా ఒక మాట. ఉద్యోగులకు జట్టుపని నేర్పాలనుకుంటే ఆఫ్రికా దాకా పోనక్కరలేదు, పోయినా మాకు అభ్యంతరం లేదు. కాని ఒకసారి డప్పు జట్టును పిలవండి. భోజనాల ముందు వినోదం కోసం కాదు, నేర్పే గురువులుగా పిలవండి. జెంబే నేర్పే మనిషికి ఇచ్చే ఫీజే ఇవ్వండి. చిర్రా, చిటికెన పుల్లా మీ చేతుల్లోకి తీసుకోండి. ఆ హాల్లో ఎవరి చెయ్యి వెనకాడుతుందో గమనించండి. జట్టు ఎక్కడ చీలి ఉందో అక్కడే తెలిసిపోతుంది.

సమూహ వాయిద్యం మేలు చేస్తుందని మేమూ అంటున్నాం. అయితే ఆ మేలు కొట్టే మనిషికి ఉన్న స్వేచ్ఛను బట్టి, అతనికి దక్కే సమానత్వాన్ని బట్టి ఉంటుంది. అందుకని ఏ జట్టునైనా, ఏ ఊరినైనా మేము అడిగేది ఒక్కటే. దరువు ఆగినంక, డప్పులు గోడకు ఆనించినంక, కొట్టినవాళ్ళూ ఆడినవాళ్ళూ ఒకే పంక్తిలో కూచుని అన్నం తింటున్నారా? తింటుంటే ఆ దరువు మనుషులను కలిపింది. లేకపోతే కలిపింది అడుగులను మాత్రమే.